ఎగిరిపోయే వాసనకు ఒక పెంకు

మా అమ్మమ్మ పెసలు కుండకెత్తే రోజున ఇల్లంతా వావిలాకు వాసన. రెండెండలు ఎండబెట్టిన పెసలు ఒక వరస, ఎండిన ఆకు ఒక వరస, మళ్లీ పెసలు. కుండ మూతికి గుడ్డ వాసెన కట్టి అటకెక్కించేది. నెలకోసారి వాసెన విప్పి, గుప్పెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. ఘాటు తగ్గిందనిపిస్తే ఆకు మార్చేది. మార్చడం మరిచిన ఏడు గింజ గింజకీ గుండ్రటి చిల్లులు పడేవి.

ఆకులో పస లేక కాదు, ఆ పస నిలవక. వావిలి, నిమ్మగడ్డి, వాము, లవంగం, పుదీనా, వీటి ఘాటంతా సుగంధ తైలాలదే. ఆ తైలాల్లో ఎక్కువ భాగం టర్పీన్లు, వాటి బంధువులు. ఒక్కో అణువులో పదీ పదిహేను కార్బన్ పరమాణువులకు మించి ఉండవు. అంత చిన్నవీ తేలికైనవీ కాబట్టే గాలిలోకి లేచి మన ముక్కును చేరతాయి. వాసన వస్తోందంటే తైలం పోతోందన్నమాటే. ఇక ఎండలో ఆకు మీద పిచికారీ చేసిన తైలం సంగతి చెప్పాలా? గాలీ వెలుతురూ దాన్ని కొన్ని గంటల్లోనే మాయం చేస్తాయి.

పోయేలోపు అది చేసే పని మాత్రం గట్టిదే. 2001లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్సామ్ ఈనాన్ ఒక పరిశోధన ప్రచురించారు. పురుగుల నరాల్లో ఆక్టోపమైన్ అనే వార్తాహరి ఉంటుంది. గుండె వేగానికీ, కదలికకూ, ఎగరడానికీ అదే ఆధారం. లవంగంలోని యూజినాల్ వంటి తైల పదార్థాలు ఆ వార్త అందుకునే చోటే దెబ్బ కొడతాయని ఆయన చూపించారు. మన ఒంట్లో ఆ కొలువు అడ్రినలిన్ కుటుంబానిది. పురుగు గిలగిల్లాడే మోతాదు మనిషినీ పశువునూ అంతగా బాధించకపోవడానికి ఇదొక కారణం. అలాగని మొక్క నుంచి వచ్చింది కదా, ఏమీ చేయదులే అనుకోకూడదు. గన్నేరూ మొక్కే. చిక్కటి లవంగ తైలం చేతి మీద పడితే మంట, లేత ఆకు మీద పడితే మాడు.

బలమున్నా నిలకడ లేని ఈ తైలానికి నిలకడ ఇచ్చే సాధనం పొలంలో పుట్టలేదు. అది పుట్టింది బిల్లు పుస్తకంలో.

కొరియర్ రసీదు మీద గట్టిగా సంతకం పెట్టమంటారు గుర్తుందా? పైది తెల్ల కాగితం, కిందవి గులాబీ, పసుపు. మధ్యలో కార్బన్ కాగితం ఉండదు, అయినా అక్షరం కిందికి దిగుతుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో, దుకాణాల్లో డబ్బు లెక్కగట్టే యంత్రాలు చేసే నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో బారెట్ గ్రీన్ అనే శాస్త్రజ్ఞుడి ఆలోచన ఇది. రంగులేని రంగు పదార్థాన్ని నూనెలో కరిగించి, ఆ నూనెను కంటికి కనపడనంత చిన్న బొట్లుగా చేసి, ఒక్కో బొట్టుకూ పొర చుట్టి, పై కాగితం అడుగున పూశాడు. కలం ఒత్తిడికి పొర పగులుతుంది. రంగు కింది కాగితం మీది ఆమ్లపు బంకమట్టిని తాకి నీలంగా తేలుతుంది. 1950లలో ఆ కాగితం బజారుకొచ్చింది. గ్రీన్‌కూ, ఆయన సహచరుడు లోవెల్ ష్లైకర్‌కూ 1957లో పేటెంట్ దక్కింది.

ఆ పొర చుట్టిన తీరు చెప్పుకోదగ్గది. జెలటిన్ నీళ్లలో నూనెను బాగా గిలకొట్టి బొట్లు చేశారు. సుడాన్ వైపు పెరిగే, మన తుమ్మకు దగ్గరి చెట్టు నుంచి కారే జిగురును అందులో కలిపారు. గోరువెచ్చగా ఉన్నంతసేపూ రెండూ నీళ్లలో ఎవరి దారిన అవి ఉంటాయి. నాలుగు చుక్కలు ఆమ్లం వేసి పులుపెక్కించగానే జెలటిన్‌కు ధన విద్యుత్తు వస్తుంది. జిగురుకు ఉన్నది రుణ విద్యుత్తు. రెండూ అతుక్కుని, నీళ్లలోంచి విడివడి, దగ్గర్లో ఉన్న నూనె బొట్టు చుట్టూ మీగడ కట్టినట్టు కడతాయి. చల్లార్చి గట్టిపరిస్తే అదే పెంకు. ఇలా రెండు కరిగిన పదార్థాలు జతకట్టి విడివడడాన్ని 1929లోనే హాలెండ్‌లో బంగెన్‌బర్గ్ డి యాంగ్, క్రౌట్ అనే ఇద్దరు పరిశీలించి కోయసర్వేషన్ అని పేరు పెట్టారు. పాతికేళ్ల తరవాత అది రసీదు పుస్తకానికి పనికొస్తుందని వాళ్లు ఊహించి ఉండరు.

రంగును దాచగలిగిన పెంకు విషాన్నీ దాచగలదు. 1974లో అమెరికాలో పెన్‌వాల్ట్ కంపెనీ మిథైల్ పెరాథియాన్‌ను నైలాన్ తరహా పెంకుల్లో పెట్టి పెన్‌క్యాప్-ఎమ్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. ఇక్కడ పెంకు కట్టే పద్ధతి వేరు. ఒక రసాయనం నూనె బొట్టులో, దాని జోడీ బయటి నీళ్లలో. రెండూ కలిసేది బొట్టు ఒంటి మీద మాత్రమే కాబట్టి ప్లాస్టిక్ పొర అక్కడే అల్లుకుంటుంది. మిథైల్ పెరాథియాన్ చర్మం మీద పడినా ప్రాణం మీదికి తెచ్చే మందు. 2018లో మన దేశం కూడా దాన్ని నిషేధించింది. పెంకులో ఉంటే కలిపేవాడి చేతికి తగిలేది తక్కువ, పొలంలో పనిచేసేది ఎక్కువ రోజులు. ఉద్దేశం మంచిదే.

కానీ ఆ పెంకుల సైజు పుప్పొడి రేణువుల సైజు. పూల మీద పడిన పెంకులను తేనెటీగలు పుప్పొడితో పాటు కాళ్లకు అంటించుకుని పట్టుకు మోసుకెళ్లాయి. మామూలు మందు తగిలిన ఈగ దారిలోనే పడిపోతుంది, పట్టుకు ఆ నష్టంతో సరి. ఇది అలా కాదు. విషం మూతపెట్టినట్టు గదుల్లో నిలవైంది. నెలల తరవాత ఆ పుప్పొడి తీసి పిల్లలకు పెట్టినప్పుడు చావు మొదలైంది. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది. ఈగ చేసిన తప్పేమీ లేదు, ముందుచూపుతో రేపటి తిండి దాచుకుంది అంతే. పెంకు ఎంత సైజులో ఉంటుంది, దేంతో కడతాం, ఎప్పుడు విప్పుకుంటుంది అన్నవి మందు ఎంత ముఖ్యమో అంత ముఖ్యమని ఆ తేనెపట్లు చెప్పాయి.

పెంకు మాత్రం వ్యవసాయంలో ఉండిపోయింది. పత్తి విత్తగానే కలుపు రాకుండా మన రైతులు కొట్టే పెండిమిథాలిన్ డబ్బా మీద 38.7 శాతం సీఎస్ అని ఉంటుంది. ఆ రెండక్షరాలకు అర్థం, లోపల ఉన్నది నీళ్లలో తేలే పెంకులని. గుళికలు అందామంటే ఆ మాట మన ఊళ్లలో ఇసుకలా చల్లే మందుకు స్థిరపడిపోయింది. అందుకే పెంకు అంటున్నాను.

సుగంధ తైలం దగ్గరికి వచ్చేసరికి పెంకు చేయాల్సిన పని మారిపోయింది. అక్కడ క్రూరమైన మందు నుంచి మనిషిని కాపాడాలి. ఇక్కడ సుకుమారమైన మందును ఎండ నుంచి కాపాడాలి. నాకు అన్నిటికన్నా నచ్చిన పెంకు మనం కొత్తగా కట్టనిది. అది రొట్టెలు పొంగించే ఈస్ట్ కణం. అయిదు మైక్రాన్ల సైజు, అంటే సన్నటి వెంట్రుక మందంలో పదో వంతు. లోపలి సరుకు తీసేస్తే గ్లూకాన్ అనే పిండిపదార్థపు గోడ మిగులుతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లలో టర్పీన్లతో కలిపి తిప్పితే అవి గోడ దాటి లోపలికి చేరి అక్కడే గుమిగూడతాయి. పొడిగా ఉన్నంతకాలం బయటికి రావు. తడి తగిలితే మెల్లగా వస్తాయి, తడి ఆరితే ఆగిపోతాయి.

బ్రిటన్‌లోని ఈడెన్ రీసెర్చ్ అనే సంస్థ జెరానియాల్, యూజినాల్, థైమాల్ అనే మూడింటిని ఇలా ఈస్ట్ పెంకుల్లో నింపి ద్రాక్ష తోటల బూడిదరంగు కుళ్లు మీదికి పంపింది. ఆ మూడు పదార్థాలకూ యూరోపియన్ యూనియన్ 2013లో అనుమతి ఇచ్చింది. ఇందులోని తెలివి చూడండి. ఆ కుళ్లు తెచ్చే బూజు మొలకెత్తడానికి పండు మీద తడి కావాలి. అదే తడి పెంకును విప్పుతుంది. శత్రువు వచ్చే వేళకే తలుపు తెరుచుకుంటుంది.

తేనెటీగల మాట మరిచిపోలేదు. థైమాల్‌ను తేనెటీగలు పెంచేవాళ్లే వరోవా అనే నల్లిని చంపడానికి పట్టు పెట్టెల్లో పెడతారు. అది కొంత ధైర్యాన్నిచ్చే విషయం. అయినా ప్రతి కొత్త పెంకునూ ఈగల ముందు పరీక్షించాకే పొలానికి పంపాలి, మినహాయింపు ఉండకూడదు.

మన తీరంలో దొరికే పెంకు ఇంకొకటుంది, అదే రొయ్య పెంకు. దేశంలో రొయ్యల సాగుకు ఆంధ్రప్రదేశే పెద్ద. రొయ్య ఒలిచాక మిగిలే తొక్కల్లోని కైటిన్‌ను క్షారంలో ఉడికిస్తే కైటోసాన్ వస్తుంది. దానికి ధన విద్యుత్తు. ట్రైపాలీఫాస్ఫేట్ అనే లవణానికి రుణ విద్యుత్తు. రెండూ కలిపితే అతి సూక్ష్మమైన ముద్దలు కడతాయి, మధ్యలో తైలం చిక్కుకుంటుంది. రసీదు కాగితపు సూత్రమే. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎన్.కె. దూబే బృందం ఇలా కైటోసాన్‌లో పొదిగిన తైలాలను నిల్వ ధాన్యపు బూజుల మీదా, అవి వదిలే అఫ్లాటాక్సిన్ విషం మీదా పరీక్షిస్తూ వచ్చింది. వేరుశనగ, మిర్చి పండించే మనకు అఫ్లాటాక్సిన్ కొత్త పేరు కాదు. తైలం పండించడం కూడా మనవాళ్లకు తెలుసు. కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ (సీమ్యాప్)కు హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉన్న కేంద్రం నిమ్మగడ్డి వంటి పంటల మీదే పనిచేస్తోంది.

అడ్డంకులూ చిన్నవి కావు. వంద కిలోల నిమ్మగడ్డికి ఆవిరి పట్టినా వచ్చే తైలం కిలో ఉండదు. కోసిన కాలాన్ని బట్టి అందులోని పాళ్లు మారతాయి. అమెరికా 1996లోనే లవంగ, నిమ్మగడ్డి తైలాల వంటి కొన్నిటిని తక్కువ ముప్పు పదార్థాలుగా గుర్తించి నమోదు నుంచి మినహాయించింది. మన దగ్గర 1968 నాటి పురుగుమందుల చట్టం కింద పరీక్షలన్నీ దాటాలి. ఇంకోవైపు ప్లాస్టిక్ పెంకులకు రోజులు దగ్గర పడుతున్నాయి. 2023లో యూరోపియన్ యూనియన్ సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులను కట్టడి చేస్తూ, పురుగుమందుల పెంకులకు 2031 దాకా గడువిచ్చింది. ఈస్ట్, జిగురు, రొయ్య తొక్క వంటి మట్టిలో కలిసిపోయే గోడలకు అవకాశం వస్తున్నది అందుకే.

2021-22లో మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు పడినప్పుడు రైతులు దొరికిన మందల్లా కొట్టారు. పూలలో దాక్కున్న పురుగుకు అది సరిగా అందలేదు. ఆవిరయ్యే తైలానికి అలాంటి మూలలకు చేరే గుణం ఉంది, కానీ ఆరుబయట గాలి దాన్ని అక్కడ నిలవనివ్వదు. అందుకే ఈ విద్య ముందుగా గెలిచేది మూత ఉన్న చోటనే అని నా నమ్మకం. గిడ్డంగిలో, ధాన్యం డబ్బాలో, పాలీహౌస్‌లో. ధాన్యం వేసవంతా పొడిగా ఉంటుంది. వానలు పడగానే గాలిలోని తేమ పీల్చుకుంటుంది, బూజుకూ పురుగుకూ బలం వచ్చేది అప్పుడే. ఎంత తేమకు పెంకు విప్పుకోవాలో, ఎంతకు ముడుచుకుని ఉండాలో సరిచూడటమే ఇప్పుడు ప్రయోగశాలల్లో జరగాల్సిన పని. అమ్మమ్మ కూడా తొలకరి పడిన మర్నాడు అటకెక్కి ముందు ఆ వాసెనే విప్పేది.