క్షణంలో ముగిసే గామా విస్ఫోటాలు
ఆచూకీ తీయడంలో ‘ఆస్ట్రోశాట్’ కీలక పాత్ర

శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగే అరుదైన దృశ్యాన్ని పరిశీలించేందుకు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త గియోమ్ లె జాంతీ సముద్రాలు దాటి వచ్చారు. యుద్ధం కారణంగా 1761లో ఆ అవకాశం చేజారింది. ఎనిమిదేళ్లు వేచి ఉండి, పుదుచ్చేరిలో వేధశాల సిద్ధం చేసుకున్నారు. 1769 జూన్‌లో ఆ ఉదయం వచ్చింది కానీ సరిగ్గా ఆ వేళకే మబ్బులు కమ్మాయి.

శుక్రుడి గమనం కనీసం లెక్కకు అందుతుంది. గామా కిరణాల విస్ఫోటాలకు పంచాంగమేదీ లేదు. ఆకాశంలో ఏ దిక్కునైనా, ఏ క్షణంలోనైనా మెరిసే ఈ విస్ఫోటాలు సాధారణంగా సెకనులో స్వల్ప భాగం నుంచి కొద్ది నిమిషాలలోపే ముగుస్తాయి. భారీ నక్షత్రాలు కుప్పకూలినప్పుడు, న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు ఇవి సంభవిస్తాయి. గామా కిరణాలను భూవాతావరణం అడ్డుకుంటుంది కనుక వాటిని పట్టే సాధనాలు రోదసిలోనే ఉండాలి.

వీటి జాడ మొదట తెలిసింది యాదృచ్ఛికంగానే. అణుపరీక్షలపై నిఘాకు అమెరికా ప్రయోగించిన వేలా ఉపగ్రహాలు 1967 జులై 2న ఒక వింత మెరుపును నమోదు చేశాయి. ఈ మెరుపుల సంగతి 1973లో గానీ వెల్లడి కాలేదు. అవి ఎంత దూరం నుంచి వస్తున్నాయన్నది ఆ తరువాత కూడా పాతికేళ్లపాటు వివాదంగానే మిగిలింది.

మలికాంతితో తేలిన దూరం

1997 ఫిబ్రవరి 28న ఇటలీ, నెదర్లాండ్స్‌ల ఉమ్మడి ఉపగ్రహం బెప్పోశాక్స్ ఈ చిక్కుముడి విప్పింది. విస్ఫోటం ఆగిపోయిన కొన్ని గంటలకు అదే చోట మెల్లగా మసకబారుతున్న ఎక్స్‌రే కాంతిని అది గుర్తించింది. విస్ఫోటం నుంచి దూసుకొచ్చిన పదార్థం పరిసర వాయువును ఢీకొన్నప్పుడు ఈ మలికాంతి పుడుతుంది. మామూలు టెలిస్కోపులకూ, రేడియో టెలిస్కోపులకూ ఇది రోజులు, వారాల తరబడి అందుతుంది. ఆ ఏడాది మే నెలలో సంభవించిన మరో విస్ఫోటం మలికాంతిని విశ్లేషించి, అది వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనిదని నిర్ధారించారు.

ఈ అన్వేషణలో భారత్ పాత్ర శ్రీహరికోటతో ముడిపడి ఉంది. 1994 మే 4న అక్కడి నుంచి ఏఎస్ఎల్‌వీ రాకెట్ కక్ష్యలో ప్రవేశపెట్టిన స్రోస్-సీ2 ఉపగ్రహంలో గామా విస్ఫోటాలను నమోదు చేసే పరికరం అమర్చారు. 2015 సెప్టెంబరు 28న పీఎస్ఎల్‌వీ ‘ఆస్ట్రోశాట్’ను మోసుకెళ్లింది. అందులోని కాడ్మియం జింక్ టెల్యూరైడ్ పరికరం అక్టోబరు 6న పని మొదలుపెట్టిన రోజునే తొలి విస్ఫోటాన్ని పసిగట్టింది. 2023 నవంబరుకు ఈ సంఖ్య 600కు చేరింది.

అపోహ తొలగించిన ఉపగ్రహం

దీని ప్రయోజనం 2017 జనవరిలో స్పష్టమైంది. ఆ నెల 4న రెండు కృష్ణబిలాల కలయికతో వెలువడిన గురుత్వ తరంగాలను అమెరికాలోని లైగో కేంద్రాలు గుర్తించాయి. అవి వచ్చిన దిశలోనే మసకబారుతున్న ఒక వెలుగు హవాయిలోని అట్లాస్ టెలిస్కోపుకు చిక్కింది. అది కృష్ణబిలాల కలయిక నుంచే వచ్చి ఉంటే, అటువంటి కలయికలలో వెలుగు ఉండదన్న అంచనాను తిరగరాయవలసి వచ్చేది. అయితే తరంగాలు వచ్చిన సుమారు 21 గంటల తరువాత వేరొక గామా విస్ఫోటం జరిగిందని ఆస్ట్రోశాట్ సమాచారం తేల్చింది. కనిపించిన వెలుగు ఆ విస్ఫోటపు మలికాంతేనని, కృష్ణబిలాలతో దానికి సంబంధం లేదని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు.

రోదసి నుంచి కబురు అందినా నేలపై దానిని అందుకొనే టెలిస్కోపులు సిద్ధంగా ఉండాలి. లడఖ్‌లోని హాన్లేలో 0.7 మీటర్ల రోబో టెలిస్కోపు, నైనితాల్ సమీపాన దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోపు ఇందుకు ఉపకరిస్తున్నాయి. ఒకచోట మబ్బు పట్టినా మరోచోట ఆకాశం నిర్మలంగా ఉంటే మలికాంతి చేజారదు.

ఆస్ట్రోశాట్‌ను రూపొందించింది ఐదేళ్ల సేవకే. ఆ గడువు 2020లోనే తీరింది. ఆకాశమంతటినీ ఏకకాలంలో గమనించేలా రెండు ఉపగ్రహాలతో ‘దక్ష’ పథకాన్ని ముంబయి ఐఐటీ తదితర సంస్థల శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. ఏ విస్ఫోటమూ రెండోసారి రాదు కనుక పాత కన్ను మూతపడేలోగా కొత్త కన్ను తెరుచుకోవడం అవసరం.