మీకు తెలుసా? ముగింపు తెలిశాక మొదలైన స్నేహం

మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ 1984లో రాసిన ఫాంటసీ నవల 'డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్విలైట్' పాత స్నేహితుల కలయికతో మొదలవుతుంది. విడిపోయి ఐదేళ్లయింది. ముసలి మరుగుజ్జు కమ్మరి ఫ్లింట్ దారిపక్క బండమీద కూలబడి ఆయాసం తీర్చుకుంటుంటాడు. అక్కడికే అతని పాత మిత్రుడు టానిస్ వస్తాడు.

మరి వీళ్ల తొలి పరిచయం? దానికోసం పాఠకులు ఏడేళ్లు ఆగారు. 1991లో మార్క్ ఆంథొనీ, ఎలెన్ పోరాత్ ఆ ముందుకథను 'కిండ్రెడ్ స్పిరిట్స్'గా రాశారు. పనితనం చూసి ఎల్ఫ్‌ల రాజు ఫ్లింట్‌ను తన నగరానికి పిలిపించుకుంటాడు. అక్కడే పెరుగుతున్న టానిస్ తల్లి ఎల్ఫ్, తండ్రి మనిషి. అందుకే ఆ పిల్లవాణ్ని ఎవరూ పూర్తిగా తమవాడనుకోరు. పరాయి ఊరికొచ్చిన కమ్మరి, సొంత ఊళ్లోనే పరాయివాడైన కుర్రాడు ఒకరికొకరు తోడవుతారు.

గుండె పట్టేసే సంగతి ఇంకొకటుంది. 1984 నవలకు కొనసాగింపుగా 1985లో వచ్చిన మూడో నవలలోనే ఫ్లింట్ చనిపోతాడు. పుస్తకాలు వచ్చిన వరసలో చదివినవాళ్లకు ఈ తొలి పలకరింపుల్లోనే ఆ వీడ్కోలూ వినబడుతుంది.