కొండ దిగి వచ్చిన ఇసుక

పిల్లలూ, విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఎడమ చేతి వైపు కొండలు, కుడి చేతి వైపు సముద్రం. ఆగకుండా పోతే గంటలోపే అయిపోయే దారి. మొన్న మార్గశిరంలో నేనూ, మనవడూ, మనవరాలూ ఆ దారికి ఒక రోజంతా ఇచ్చాం. నచ్చిన చోటల్లా ఆగడం, కాసేపు నడవడం, మళ్లీ బండెక్కడం. సంచిలో పులిహోర, మంచినీళ్లు, ఒక భూతద్దం, పాడైపోయిన రేడియో స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం పెట్టుకున్నాం.

పొద్దున్నే మొదట ఆగింది రుషికొండ దగ్గర. చలికాలం కదా, ఇసుక కాళ్లకు చల్లగా తగులుతోంది. మనవరాలు నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"తాతా, ఇక్కడెవరో మంట వేసినట్టున్నారు. ఇసుకంతా నల్లబడింది."

వంగి చూస్తే, తడి ఇసుక మీద నల్లటి చారలు. వాటి పక్కనే లేత గులాబీ రంగు చారలు. "మంట కాదమ్మా. దీని సంగతి సాయంత్రం భీమిలిలో చెబుతాను. ముందు ఇది ఎక్కడినుంచి వచ్చిందో చూసొద్దాం పద" అన్నాను. ఆ రోజు తిరుగుడంతా ఆ ఒక్క ప్రశ్న వెంటే నడిచింది.

పెద్దాడు అప్పటికే నీళ్లవైపు పరుగు పెడుతున్నాడు. పిలిచి పక్కన కూచోబెట్టుకున్నాను. ఈ మాట మీరందరూ వినాలి. కెరటాలు వరసగా ఒడ్డుకు నీళ్లు తోస్తూనే ఉంటాయి కదా, ఆ నీళ్లన్నీ వెనక్కి పోవాలి. అవి ఒడ్డు పొడవునా సమానంగా పోవు. అడుగున ఇసుక కాస్త పల్లంగా ఉన్న చోటు వెతుక్కుని, అక్కడ కాలవలా కట్టి లోపలికి లాక్కుపోతాయి. చిత్రం ఏమిటంటే అటూ ఇటూ కెరటాలు విరిగి నురగలు కక్కుతుంటే, ఆ కాలవ ఉన్న చోట మాత్రం నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. తెలియనివాళ్లు స్నానానికి అదే మంచి చోటనుకుని దిగుతారు. మన తీరంలో ఎంతమంది పిల్లల్ని పోగొట్టుకున్నామో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఎప్పుడైనా అందులో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. ఆ కాలవ వెడల్పు తక్కువే. దాన్ని దాటితే కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. అసలు జెండాలు పాతిన చోట, కాపలావాళ్లు ఉన్న చోట తప్ప దిగకపోవడమే మేలు.

అక్కడినుంచి తొట్లకొండ. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. పైదాకా రోడ్డుంది గానీ మేము బండి కిందే ఆపి నడిచాం. నడిస్తేనే కదా కొండ కనపడేది! దారి పక్కన విరిగిన రాయి ఒకటి తీసి పెద్దాడి చేతిలో పెట్టి భూతద్దం ఇచ్చాను. తెల్లగా, బూడిదగా, అక్కడక్కడా గంధం రంగులో ఉన్న రాయి. దాని నిండా ఎర్రటి గింజలు పొదిగినట్టున్నాయి.

"దానిమ్మ గింజల్లా ఉన్నాయి తాతా!"

వాడికి తెలియకుండానే సరైన పేరు పెట్టాడు. ఆ గింజల పేరు గార్నెట్. లాటిన్ భాషలో దానిమ్మను చెప్పే మాటలోంచే ఆ పేరు వచ్చింది. మన నవరత్నాల్లో గోమేదికం కూడా ఆ కుటుంబంలోదే. ఇక్కడి గార్నెట్టులో ఇనుము ఎక్కువ. ఈ ఇనుము మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఈ రాయిని ఖోండలైట్ అంటారు. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. పూరీ జగన్నాథుడి గుడికీ, కోణార్క గుడికీ ఈ జాతి రాయినే వాడారు. ఇది పుట్టినప్పుడు రాయి కాదు. నీటి అడుగున పేరుకున్న బంకమన్నూ ఇసుకానూ. అది భూమిలోపల పాతిక ముప్పై కిలోమీటర్ల లోతుకు కూరుకుపోయి, 800 డిగ్రీలు దాటిన వేడిలో, పైనున్న బరువు కింద నలిగి, ఇలా మారిపోయింది. కుమ్మరి ఆవంలో పెట్టిన పచ్చికుండ ఎర్రగా కాలి గట్టిపడి బయటకొస్తుంది చూడండి, అలాగన్నమాట. కాకపోతే ఈ ఆవం కాలింది దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట. తర్వాత పైనున్న పొరలన్నీ వానకూ ఎండకూ అరిగిపోతే, అడుగున కాలిన రాయి ఇన్నాళ్లకు మన కాళ్ల కిందకు వచ్చింది.

కొండ మీదికి చేరి సముద్రంకేసి తిరిగి కూచున్నాం. ఎదురుగా ఏముంది అంటే నీళ్లే. కానీ ఒకప్పుడు అక్కడ నేల ఉండేది. అంటార్కిటికా మన తూర్పు తీరాన్ని ఆనుకుని ఉండేది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట రెండూ విడిపోయాయి, మధ్యలోకి సముద్రం వచ్చింది. ఈ రాళ్ల దాయాదులు అక్కడ మంచు కింద ఇప్పటికీ ఉన్నాయి. వయసూ, కాలిన తీరూ సరిపోలుతున్నాయని రెండు చోట్లా రాళ్లు చూసినవాళ్లు రుజువు చేశారు. చెప్పేసరికి చిన్నది చాలాసేపు నీళ్లకేసి చూస్తూ ఉండిపోయింది.

తొట్లకొండ మీద రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధ విహారం ఉంది. 1976లో నౌకాదళం వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తుంటే ఈ చోటు బయటపడింది. 1988 నుంచి 1993 దాకా పురావస్తుశాఖ తవ్వితే స్తూపాలు, భిక్షువుల గదులు, శాతవాహనుల సీసపు నాణేలు, రోమను వెండి నాణేలు కూడా దొరికాయి. కొండకు ఆ పేరు ఇచ్చినవి మాత్రం తొట్లే. రాతిని తొలిచి, వాననీళ్లు పట్టుకునేందుకు చేసుకున్న తొట్లు. అంత ఎత్తున ఊట ఎక్కడుంటుంది? వాన పడ్డప్పుడే దాచుకోవాలి. పొరుగున ఉన్న బావికొండకు బావుల వల్ల పేరొచ్చింది. తాగే నీళ్లను బట్టి కొండలకు పేర్లు పెట్టుకున్న జనం మనవాళ్లు.

"ఇక్కడినుంచి ఎంత దూరం కనిపిస్తుంది?" అన్నాడు పెద్దాడు. దీనికొక సులువైన లెక్కుంది. మీరున్న ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని మూడున్నరతో గుణించండి. కిలోమీటర్లు వస్తాయి. 128కి వర్గమూలం పదకొండు పైచిలుకు, అంటే నలభై కిలోమీటర్లు. కింద ఇసుకలో నిలబడితే నాలుగైదు కిలోమీటర్లు దాటవు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎత్తు పెరిగేకొద్దీ అంచు అవతలికి జరుగుతుంది. దూరంగా వచ్చే ఓడను ముందు కొండ మీదివాళ్లే చూసేవాళ్లు.

మంగమారిపేట దగ్గర సముద్రపు రాతి తోరణం ఉంది. ఆటు వేళ చూసుకుని వెళితే మంచిది, పోటు మీద ఉన్నప్పుడు దగ్గరకు పోవద్దు. కెరటం రాతిలో మెత్తని చోటు వెతుక్కుని, ఏళ్ల తరబడి గుద్దిగుద్ది తొలిచిన గుమ్మం అది. కాసేపు నిలబడి, రాళ్ల సందుల్లో పీతల్ని చూసి కదిలాం.

ఇక ఎర్రమట్టి దిబ్బలు. ఎన్నిసార్లు వచ్చినా ఇక్కడ నాకు అడుగు ముందుకు పడదు. రోడ్డు దిగి జీడిచెట్లూ సరుగుడు చెట్లూ దాటి నాలుగడుగులు వేస్తే నేల చీలిపోయి కనిపిస్తుంది. రెండు పక్కలా నిలువెత్తు ఎర్రటి గోడలు, మధ్యలో మెలికలు తిరిగే సన్నటి దారి, కాళ్ల కింద మెత్తటి ఎర్రటి ఇసుక. సుమారు 1500 ఎకరాల మేర ఇదే తీరు. 1886లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి మొదట రాశాడు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. 2025లో యునెస్కో వారసత్వ స్థలాల పరిశీలన జాబితాలో చేరింది. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ కూడా కొన్ని ఉన్నాయి.

చిన్నది గోడ మీద వేలుతో రుద్ది చూసుకుంది. వేలంతా కుంకుమ పెట్టుకున్నట్టయింది.

"ఇది మట్టి కాదా తాతా, ఇసుకా?"

భూతద్దం కింద పెట్టి చూపించాను. ఒక్కొక్క రేణువూ గాజుపూసలా మెరిసే మామూలు ఇసుకే. దాని చుట్టూ ఎర్రటి పూత. ఆ పూత ఏమిటో తెలుసా? తుప్పు! మన వీధి గేటుకు పట్టే తుప్పు లాంటిదే, ఇనుమూ ఆక్సిజనూ కలిసింది. పొద్దున రాతిలో చూసిన గార్నెట్ గింజల్లో ఇనుముందన్నాను కదా. ఇసుకతో కలిసి వచ్చిన అలాంటి ఇనుప ఖనిజాలు వాననీటికీ గాలికీ వేల ఏళ్లు నాని, కరిగి, పక్క రేణువులకు ఎర్రపూత పూశాయి.

ఇంత ఇసుక కొండవార ఎలా పోగయిందంటే, దానికి మంచుయుగం దాకా వెళ్లాలి. ఇరవైవేల ఏళ్ల కిందట భూమి మీద నీళ్లు బోలెడన్ని ఉత్తరాన, దక్షిణాన మంచుగడ్డలై కూచున్నాయి. సముద్రాల మట్టం ఇప్పటికంటే 120 మీటర్లు కిందకు పోయింది. మన తీరంలో సముద్రం కిలోమీటర్ల కొద్దీ వెనక్కి జరిగి, అడుగున ఉన్న ఇసుకంతా ఆరుబయట పడింది. గాలి దాన్ని ఎత్తి తెచ్చి కొండల మధ్య పోసింది. అంతకుముందు సముద్రం తగ్గినప్పుడూ ఇలాగే పోసింది. పొర మీద పొర. అందుకే గోడల్లో అడుగున పసుపు, పైన ఇటుక ఎరుపు, ఆ పైన లేత రంగు కనిపిస్తాయి. పాతరాతియుగపు మనుషుల తర్వాతి తరాలవాళ్లు ఇక్కడ తిరిగారని వాళ్ల చిన్న చిన్న రాతి పనిముట్లు చెబుతున్నాయి.

పోసింది గాలి, చెక్కింది వాన. ఆ ఎర్రపూతా, కాస్త బంకమన్నూ రేణువుల్ని పట్టి ఉంచుతాయి కాబట్టి, ఎండినప్పుడు గోడ నిటారుగా నిలబడుతుంది. తడిస్తే ఆ పట్టు సడలిపోతుంది, ముద్దలు ముద్దలుగా జారిపోతుంది. ఇంత మెత్తని గోడ మీద ఎవరో మేకుతో తమ పేరూ ఇంకొకరి పేరూ చెక్కి ఉన్నారు. నాకు చాలా బాధేసింది. వేల ఏళ్లు పట్టిన ఆ పొరను మళ్లీ ఎవరు తెచ్చిపెడతారు? దిబ్బల అంచుల్ని చదును చేస్తున్నప్పుడల్లా కూడా నాకు అలాగే ఉంటుంది. పెరట్లో మొక్కలకని ఒక బకెట్టు ఎర్రమట్టి కూడా తేవద్దు నాన్నా. చూసి, తాకి, అక్కడే వదిలి రండి.

చెట్టునీడన పులిహోర తిని భీమిలి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఒకప్పుడు డచ్చివాళ్లు వర్తకం చేసిన రేవు ఇది, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడినుంచి ఓడలెక్కిన గోగునారను పరదేశాల వర్తకులు బిమ్లీ జూట్ అనేవాళ్లు. మన గోంగూర పేరులో ఉన్నదీ ఆ గోగే, గోగు కూర! అదలా ఉంచి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి నడిచాం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చిన నది. ఇంకా కొండను తవ్వి తెస్తూనే ఉంది.

అక్కడా ఉన్నాయి నల్లచారలు. అప్పుడు చిన్నదాని ప్రశ్నకు జవాబు చెప్పాను. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి చేతికిచ్చాను. కవరు లేకపోతే అంటిన ఇసుకను వదిలించడం చాలా కష్టం. నల్ల ఇసుక మీద తిప్పిందో లేదో, రేణువులు నిలబడి గబగబా ఎక్కేశాయి, ముళ్లపందిలా! అవి మాగ్నటైటు, కొంత ఇల్మనైటు. గులాబీ చారల్లో ఉన్నవి గార్నెట్లు, పొద్దున కొండమీద చూసిన దానిమ్మ గింజలే, అరిగి నునుపుదేరి.

"మరి ఇవన్నీ ఒకచోటే ఎలా చేరాయి?" అంది.

అమ్మ బియ్యం గాలించడం చూశావుగా. నీళ్లలో తిప్పుతూ వంపితే బియ్యం నీళ్లతో పోతాయి, రాళ్లు అడుగున మిగులుతాయి. రాయి బరువు. కెరటం కూడా అలాగే గాలిస్తుంది. మామూలు ఇసుక రేణువు తనంత నీళ్లకంటే రెండున్నర రెట్లకు పైగా బరువు, గార్నెట్ నాలుగు రెట్లు, ఇల్మనైట్ ఇంకా ఎక్కువ. కెరటం అన్నిటినీ మోసుకొస్తుంది. వెనక్కి పోయేటప్పుడు నీటికి జోరు తక్కువ, తేలికవాటినే తీసుకెళ్లగలదు. బరువైనవి అక్కడే ఉండిపోతాయి.

చిన్నది అయస్కాంతాన్ని కవరులోంచి బయటకు లాగింది. అంటుకున్నదంతా జలజలా రాలి నీటి అంచున పడింది. చిన్న కెరటం ఒకటి వచ్చి దాని మీదుగా పాకి, వెనక్కి జరిగింది. ఇద్దరూ గొంతుక్కూచుని చూశారు. చుట్టూ ఉన్న తెల్ల ఇసుక కొట్టుకుపోయింది. నల్ల రేణువులు మాత్రం సన్నటి గీతలా అక్కడే ఉన్నాయి.