వక్ఫ్ షరతు: రాతలో లేనిదే రక్షణ లేదు

ఖైబర్‌లో తన వాటాకు వచ్చిన మేలైన భూమిని ఏం చేయమంటారని హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త (స)ను అడిగారు. భూమిని అలాగే ఉంచి, ఫలసాయాన్ని దానం చేయమని ప్రవక్త (స) సలహా ఇచ్చారు. ఆ భూమిని అమ్మరాదు, ఎవరికీ ఇచ్చివేయరాదు, వారసులు పంచుకోరాదు. వక్ఫ్‌కు ప్రాణం ఈ షరతే. ఇది ముతవల్లీని ఎంత కట్టివేస్తుందో మునిసిపాలిటీనీ అంతే కట్టివేయాలి.

నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి పట్టణాలు పెరిగేకొద్దీ ఒకప్పుడు ఊరవతల ఉన్న ఖబ్రస్తాన్లు ఊరి నడుమకు వచ్చాయి. రోడ్డు వెడల్పుకో, మడిగెలు కట్టడానికో పురపాలక సంఘం కన్ను వాటిపై పడితే జనం కలెక్టరేట్‌కు పరుగెత్తుతారు. ఆవేదన న్యాయమైనదే. కానీ చేతిలో కాగితం లేని ఫిర్యాదు ఎంతదూరం పోగలదు?

హైదరాబాద్ పక్కనున్న మణికొండ ఇందుకు గుణపాఠం. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా పేర 1989 గెజిట్‌లో ఎక్కింది 5,506 చదరపు గజాలే. పదిహేడేళ్ల తర్వాత, 2006లో, సవరణ గెజిట్ ద్వారా 1,654 ఎకరాల 32 గుంటలను వక్ఫ్ బోర్డు చేర్చింది. 2012లో హైకోర్టు ప్రభుత్వ పిటిషన్‌ను కొట్టివేసింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు మాత్రం జాగీర్ల రద్దుతోనే ఆ భూమి ప్రభుత్వానికి దఖలుపడిందని, సవరణ గెజిట్ చెల్లదని తీర్పు చెప్పింది.

చట్టంలో రక్షణ లేకపోలేదు. 2013 సవరణ ప్రకారం వక్ఫ్ ఆస్తి అమ్మకం, దానం, మార్పిడి, తనఖా చెల్లవు. ప్రజావసరానికి భూసేకరణ జరిపినా బోర్డుకు నోటీసు ఇచ్చి దాని వాదన వినాలి. అయితే 2025 సవరణతో వక్ఫ్ ఆస్తులకు కాలపరిమితి చట్టం వర్తిస్తోంది. ఆక్రమణను చూస్తూ ఏళ్లు గడిపితే హక్కే పోవచ్చు.

కాబట్టి గెజిట్ నకలు, సర్వే నంబరు, పాత పహాణీలు ముందే సంపాదించుకోవాలి. కౌన్సిల్ తీర్మానం ప్రతిని సమాచార హక్కు చట్టం కింద అడగాలి. మునిసిపల్ కమిషనర్‌కు, వక్ఫ్ బోర్డుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. అక్కడ న్యాయం జరగకపోతే వక్ఫ్ ట్రిబ్యునల్ ఉంది.

ఇంకొక మాట. వక్ఫ్ మడిగెను నామమాత్రపు కిరాయికి అనుభవిస్తున్నవారు మనలో లేరా? దాత షరతును మనమే తప్పితే కౌన్సిల్‌ను నిలదీసే నైతిక హక్కు మనకెక్కడిది? జుమా నమాజు ముగిశాక కమిటీ పెద్దలను ఒక్క ప్రశ్న అడుగుదాం: మన ఖబ్రస్తాన్ గెజిట్‌లో ఎన్ని గుంటలుంది?