హార్డ్ డిస్కా, ఫ్లాషా, కార్డా? తాతయ్య హరికథల కోసం నేను ఎంచుకున్నది ఇదీ

అనకాపల్లిలో మా ఇంటి అటక మీద పాత మ్యూజిక్ ప్లేయర్ దొరికింది. ఛార్జ్ పెట్టి ఆన్ చేస్తే టిక్ టిక్‌మని చప్పుడు. లోపల తిరిగేది 1.8 అంగుళాల హార్డ్ డిస్క్. అందులో సినిమా పాటలు పోతే పోనీ, మళ్లీ దొరుకుతాయి. తాతయ్య చెప్పిన హరికథలు మాత్రం ఇంకెక్కడా లేవు. వాటి క్యాసెట్లు ఎప్పుడో బూజుపట్టి పోయాయి.

ఆ చప్పుడు డిస్క్ పాడవుతోందనడానికి గుర్తు. అలా వినిపిస్తే మాటిమాటికీ ఆన్, ఆఫ్ చేయకుండా ముందు కాపీ తీసుకోవాలి. రెండు రాత్రులు కూర్చుని ఒక్కో ఫైలూ లాగాను. మూడు రాలేదు.

2001లో యాపిల్ మొదటి ఐపాడ్ కూడా ఇంతే సైజు డిస్క్‌తో వచ్చింది. 5 జీబీ, వెయ్యి పాటలు. అప్పట్లో అంత ఫ్లాష్ మెమరీ పెడితే ధర ఆకాశంలో ఉండేది. మరి నడుస్తుంటే డిస్క్ కుదుపుకి పాట ఆగిపోదా? పాటల్ని ముందే 32 ఎంబీ మెమరీలోకి లాగేసి డిస్క్‌ని ఆపేసేవారు. దాంతో 20 నిమిషాల దాకా కుదుపు తెలిసేది కాదు, బ్యాటరీ కూడా మిగిలేది. భలే ఐడియా!

2005లో వచ్చిన ఐపాడ్ నానోలో ఉన్నది ఫ్లాష్. తిరిగే భాగమే లేదు కాబట్టి కుదుపుల గొడవ లేదు. కానీ ఆ చిప్ బోర్డుకే అతికి ఉంటుంది. బోర్డు పోతే పాటలు బయటికి తీయడం మన వల్ల కాదు.

అందుకే నా ఓటు మైక్రో ఎస్‌డీ కార్డుకి. అదీ ఫ్లాషే, కాకపోతే ప్లేయర్ చచ్చినా కార్డు తీసి ఇంకోదాంట్లో పెట్టుకోవచ్చు. ఇక్కడే నేను ఒకసారి బోల్తా పడ్డాను. చవగ్గా వచ్చిందని కొన్న 128 జీబీ కార్డులో నిజంగా ఉన్నది 8 జీబీయే! కంప్యూటర్‌కి మాత్రం 128 అనే చూపించింది. 8 దాటాక ఎక్కించిన ఫైళ్లన్నీ చెత్త. కొత్త కార్డు కొంటే ముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో నిండా రాసి, తిరిగి చదివించి చూడండి. పాత ప్లేయర్ అయితే 32 జీబీ దాటిన కార్డుని ఫ్యాట్32గా ఫార్మాట్ చేయాల్సి రావచ్చు.

కార్డుని ఏళ్ల తరబడి బీరువాలో పడేసినా ప్రమాదమే, ఫ్లాష్‌లో ఛార్జ్ మెల్లగా కారిపోతుంది. హరికథల ఇంకో కాపీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో పెట్టాను.

ఇప్పుడు వైజాగ్ వెళ్లే రైల్లో రోజూ తాతయ్య గొంతు వింటున్నాను. రాని ఆ మూడు ఫైళ్ల కోసం పాత డిస్క్‌ని డేటా రికవరీ వాళ్లకి ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.