సహం గదిలో ఫిల్టర్ కాఫీ

సహంలో ఏ సందులోకి వెళ్లినా కరక్ చాయ్ దొరుకుతుంది. కాఫీ అడిగితే మాత్రం పాలల్లో ఇన్‌స్టంట్ పొడి కలిపి చేతికిస్తారు. డికాక్షన్ వాసనకి నిద్ర లేచి పెరిగిన మనవాళ్లకి అది ఎక్కడ ఆనుతుంది? అందుకే మా గదిలో ఆరుగురం కలిసి ఊరి నుంచి ఒక స్టీలు ఫిల్టర్ తెప్పించుకున్నాం. మిగతావన్నీ ఇక్కడ దొరికేవే.

ముందు పొడి. ప్యాకెట్ మీద కాఫీ ఎంత, చికోరీ ఎంత అని రాసి ఉంటుంది, చూసి కొనండి. చికోరీ అంటే వేయించిన ఒక వేరు. రంగూ చిక్కదనమూ ఇస్తుంది గానీ అందులో కెఫీన్ ఉండదు. మాకు 80-20 కుదిరింది. చికోరీ లేనిదే కావాలంటే సెలవుకి వెళ్లినప్పుడు అరకు పొడి తెచ్చుకోండి. మన గిరిజన రైతులు పండించే ఆ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సముద్రం పక్క ఊరు కదా, తేమకి పొడి ఇట్టే ముద్ద కడుతుంది. బిగుతు మూత డబ్బాలో దాచాలి.

ఎండాకాలం కుళాయిలోనే వేడినీళ్లు వస్తున్నాయి కదా అని అవే ఫిల్టర్లో పోసేవాళ్లని చూశాం! వద్దు. తాగేనీళ్లు మరిగించి, దించి అర నిమిషం ఆగి పోయాలి. ఇద్దరికి మూడు పెద్ద చెంచాల పొడి. పైన చిల్లుల బిళ్లని మెల్లగా ఆనించాలి, గట్టిగా నొక్కితే చుక్క దిగదు. ఇరవై నిమిషాలు దాని జోలికి వెళ్లకండి. పాలపొడి అయితే ముందు గోరువెచ్చని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాతే కాచాలి. వేడిపాలు డికాక్షన్లో పోసుకోవడమే, డికాక్షన్‌ని మాత్రం మరిగించకూడదు.

ఇక అసలు విషయం వేళ. మాకు బస్సు తెల్లవారుజామున నాలుగున్నరకి. అందుకని రాత్రి వంటయ్యాక డికాక్షన్ దింపి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడతాం. తాగేది పొద్దున్నే. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో సగం కెఫీన్ రాత్రి పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర చాలని మనిషి మర్నాడు స్కఫోల్డింగ్ ఎక్కితే ఏమవుతుందో పనివాళ్లకి చెప్పక్కర్లేదు. పైకి పంపేముందు కళ్లు చూసి, "రాత్రి పడుకున్నావా తమ్ముడూ?" అని అడగడం మాకు అలవాటు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి రూలు. ఆ మూడు గంటలూ నడుం వాల్చడానికి, కాఫీకి కాదు.

ఒమానీలు ఖర్జూరంతో ఇచ్చే కహ్వా సంగతి వేరు. పాలు, పంచదార ఉండవు, ఏలకుల వాసన. ఇక చాలనుకుంటే కప్పు అటూఇటూ ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు.

ఫిల్టర్ లేనివాళ్లు మరిగిన నీళ్లలో పొడి వేసి, మూతపెట్టి ఐదు నిమిషాలయ్యాక ఉతికిన పల్చటి నూలుగుడ్డలో వడకట్టుకోండి. సబ్బు వాసన లేని గుడ్డ అయితే చాలు.