చిమ్మనగ్రోవి చెప్పే పొదుపు

నీరు చల్లుకొని ఆడే ఆట మన దేశానికి కొత్తది కాదు. కాళిదాసు రఘువంశం పదునారవ సర్గలో కుశుని జలక్రీడను వర్ణిస్తూ, బంగారు కొమ్ములతో రంగునీరు చిమ్మిన సంగతి చెప్పినాడు. హర్షుని రత్నావళి మొదటి అంకంలో, మదనోత్సవం నాడు కౌశాంబీ పౌరులు చేతబట్టిన సాధనానికి శృంగకమని పేరు. శృంగమనగా కొమ్ము. అట్టి సాధనాన్నే తెలుగువారు చిమ్మనగ్రోవి అన్నారు. 14వ శతాబ్ది చివర కొండవీటి నేలిన కుమారగిరి రెడ్డి వసంతోత్సవాల వల్లనే కర్పూర వసంతరాయలనే బిరుదు పొందినాడు. ఆ వైభవమే సి. నారాయణరెడ్డి 1957లో వెలువరించిన కావ్యానికి వస్తువైనది.

రాజుల వసంతాలలో నీటికి కొదువ లేదు. కనుక పొదుపు ప్రసక్తి కూడా లేదు. కాని సామాన్యుని చేతిలోని వెదురు చిమ్మనగ్రోవి సంగతి వేరు. ఒక గొట్టం, దానిలో గుడ్డ చుట్టిన ఒక పుల్ల, చివర సన్నని రంధ్రం, అంతే దాని నిర్మాణం. వెనుకకు లాగితే నీరు నిండుతుంది, ముందుకు నెట్టితే చిమ్ముతుంది. బలమంతా చేతిదే, దాచుకొనే చోటు ఎక్కడా లేదు. చేయి ఆగితే ధార ఆగుతుంది. గొట్టం ఖాళీ అయినవాడు మళ్లీ బిందె దగ్గరకు పరుగెత్తవలసినదే.

ఆ లోటు తీర్చినవాడు అమెరికాలో అలబామా రాష్ట్రపు మొబైల్ నగరంలో 1949లో జన్మించిన లానీ జాన్సన్. బృహస్పతి గ్రహానికి పంపిన గెలీలియో నౌక నిర్మాణంలో పాలుపంచుకొన్న ఇంజనీరు ఆయన. 1982లో, ఫ్రియాన్‌కు బదులు నీటితో నడిచే ఒక ఉష్ణయంత్రాన్ని ఇంటిలో పరీక్షిస్తుండగా, స్నానాలగదిలో కుళాయికి తగిలించిన గొట్టం నుండి నీరు మహావేగంతో దూసుకొనిపోయినది. ఆ ధారను చూచి ఆయనకు ఆటవస్తువు స్ఫురించినది. 1990లో అంగళ్లకు వచ్చిన ఆ నీటి తుపాకి మరుసటి యేడు సూపర్ సోకర్ అనే పేరుతో ప్రపంచమంతటా ప్రసిద్ధమైనది. అందులోని విశేషమంతా ఒక్కటే: ఆటగాడు పంపు కొట్టి బలాన్ని ముందుగానే గాలి రూపంలో దాచుకొంటాడు. మీట నొక్కినప్పుడు చిమ్మేది ఆ దాచిన బలం.

దాచుకొన్న దానిని ఎట్లు ఖర్చు పెట్టవలెననే ప్రశ్న ఇక్కడనే పుట్టినది. తొట్టిలో నీరు ఎంత నింపితే అంత మేలని కొత్తవాడు భ్రమపడతాడు. నీరు అణగదు, అణిగేది గాలి. రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రం దీనికి ఆధారం. లీటరు పట్టే తొట్టిలో ముప్పాతిక లీటరు నీరు పోసి, మిగిలిన పావు లీటరు గాలిని వాతావరణపు ఒత్తిడికి 3 రెట్లు వచ్చేవరకు కొట్టినారనుకొందాం. పావు లీటరు నీరు చిమ్మేసరికి గాలి రెండింతలుగా వ్యాపించి, ఒత్తిడి ఒకటిన్నర రెట్లకు దిగుతుంది. బయటి గాలిని మించిన బలం రెండు నుండి అరకు పడిపోయినదన్నమాట, పాతికవంతే మిగిలినది. అదే సగం నీరు, సగం గాలి ఉంచి అంతే ఒత్తిడికి కొట్టి, అంతే నీరు చిమ్మితే, ఒత్తిడి రెండు రెట్ల దగ్గర నిలుస్తుంది. మించిన బలంలో సగం ఇంకా చేతిలో ఉంటుంది. దీనికి పంపు ఎక్కువసార్లు కొట్టవలె. ఆ శ్రమయే మూల్యం. నిండుకుండ తొణకదంటారు గాని, ఈ కుండ మాత్రం కొంత వెలితిగా ఉంటేనే పని చేస్తుంది.

ఈ చిక్కును తగ్గించడానికి 1996లో వచ్చిన సీపీఎస్ 2000 అనే తుపాకిలో గాలికి మారుగా రబ్బరు తిత్తి పెట్టినారు. సాగిన రబ్బరు ముడుచుకొంటూ మొదటి నుండి తుది వరకు ఇంచుమించు ఒకే బలంతో నీటిని నెట్టుతుంది. అయితే దాని ధార లావు. కనుక తొట్టి త్వరగా ఖాళీ అవుతుంది. బలం నిలిచినది, నీరు నిలువలేదు. రంధ్రపు వ్యాసం సగానికి తగ్గితే, అదే ఒత్తిడి మీద పోయే నీరు నాలుగవ వంతే. కాని మరీ సన్నని ధార దారిలోనే తుంపరలై విరిగి, గాలి అడ్డుకోగా నేలరాలుతుంది. లావుకు, సన్నానికి నడుమ ఎక్కడ ఆగవలెనో తెలియడమే నేర్పు.

నేర్పరి మీటను పట్టుకొని కూర్చోడు, తట్టి వదలుతాడు. మొదటి తాకిడికే ఎదుటివాడు పక్కకు తప్పుకొంటాడు. ఆ తరువాత చిమ్మినదంతా మన్ను తడపడానికే. దూరాన ఉన్నవానిపై ప్రయోగించి వృథాపుచ్చడు. వానినే తొందరపడనిచ్చి, వాని తొట్టి తేలిక అయిన తరువాత దగ్గరకు చేరుతాడు. విరామం దొరికినప్పుడల్లా పంపు కొట్టి ఉంచుకొంటాడు. ఆఖరి పాతిక నీటిని గెలుపు కోసం గాక, క్షేమంగా వెనుదిరగడానికి అట్టిపెడతాడు. జట్టుగా ఆడేవారు ఇద్దరొక్కసారి నీటికి పోరు. ఒకడు నింపుకొంటే ఒకడు కాపు కాస్తాడు. మొనలో ఇసుక చేరకుండా నీరు వడగట్టుకొంటారు; వాషరు వదులైతే ముందే చూచుకొంటారు. కంటికి గురిపెట్టరు.

ఇదంతా పిల్లలాట అని తీసివేయడానికి లేదు. వసంతోత్సవం వచ్చేది బావులు అడుగంటడం మొదలయ్యే కాలంలోనే. 2013లో మహారాష్ట్ర కరవున పడినప్పుడు, పొడిరంగులతోనే హోలీ ఆడుకొందామని పిలుపులు వినవచ్చినవి. 2024 మార్చిలో బెంగుళూరు నీటిసరఫరా మండలి హోలీ వినోదాలకు కావేరి నీటిని, గొట్టపుబావి నీటిని వాడరాదని ఆంక్ష విధించినది. అట్టి యేట పంతానికి పోయి ఆడడం తగదు. ఆట మానుకొనడమే మర్యాద. నీరున్న యేట మాత్రం ఆటను చంపనక్కరలేదు, దానికొక కొలత పెట్టితే చాలును. తలకొక బిందె నీరు. అది తీరితే పోరు ముగిసినట్లే.

అట్లా కొలత పెట్టిన ఆట చప్పబడుతుందనుకోవడం పొరపాటు. ఎడతెగని కుళాయి పక్కన ఉన్నవానికి గురితో పనేమి, ఓర్పుతో పనేమి? పోస్తూ ఉంటాడు, అంతే. బిందె నీటితో దిగినవాడే ప్రతి చుక్కకూ ఆలోచిస్తాడు, ఎదుటివాని అడుగు కనిపెడతాడు, చేయి బిగపట్టుకొంటాడు. పరిమితియే ఆటకు ప్రాణం. నీటి విలువ ఉపన్యాసాలతో తలకెక్కని పిల్లవానికి కూడా, తన గ్రోవి ఖాళీ అయిన క్షణంలో, ఎదుటివాని గ్రోవిలో ఇంకా ఒక్క ధార మిగిలి ఉన్నదని తెలిసినప్పుడు, ఆ విలువ చక్కగా బోధపడుతుంది.